పుట్టిన తేదీ సరే, పుట్టిన వాడ సంగతేంటి?

భూమి వేడెక్కుతోంది అని మీటింగుల్లో మాట్లాడితే మన వాడల్లో రెండు రకాల జవాబులొస్తాయి. "అది చదువుకున్నోళ్ళ గోల, మనకు కూలి రేటు ముఖ్యం" అనేది ఒకటి. "అంతా అమెరికావాడి ఎత్తు, మన బొగ్గు మనల్ని తవ్వుకోనివ్వడు" అనేది రెండోది. రెంటిలోనూ కొంత నిజం ఉంది. కానీ రెంటి మధ్యా ఒక పెద్ద సంగతి జారిపోతోంది. ఎండా వానా ఇప్పుడు లెక్కల పుస్తకంలోకి ఎక్కాయి. ఎవరికి ఎంత నష్టం, ఎవరు ఎంత కట్టాలి, ఎవరికి ఎంత ఇవ్వాలి అని పెద్ద పెద్ద ఆఫీసుల్లో కూర్చుని లెక్కలు వేస్తున్నారు. ఆ పుస్తకంలో మన పేరుందా? ఉంటే ఎంత బరువుతో ఉంది? ఇది అడగకపోతే రేపు వచ్చే సాయంలోనూ, పడే భారంలోనూ మన మాట ఉండదు.

ఈ లెక్కలు రాసినవాళ్ళలో పెద్దపేరు ఇంగ్లండు ఆర్థికవేత్త నికొలస్ స్టెర్న్‌ది. 1946లో లండన్‌లో పుట్టాడు. కేంబ్రిడ్జిలో గణితం చదివాడు, ఆక్స్‌ఫర్డులో ఆర్థికశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్నాడు. ప్రొఫెసరు, ప్రపంచ బ్యాంకు ప్రధాన ఆర్థికవేత్త, బ్రిటన్ ఖజానా శాఖలో పెద్ద అధికారి, ప్రభువుల సభలో సభ్యుడు - ఇలా యాభై ఏళ్ళకు పైగా నడిచింది ఆయన ఉద్యోగం. దొరల సభలో కూర్చునే మనిషి సంగతి మన పత్రికలో ఎందుకని అడగొచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి, ఆయన మన దేశంలోని ఒక పల్లెటూళ్ళో దళితుల గడపలు కూడా తొక్కి లెక్కలు రాశాడు. రెండు, పుట్టుకను బట్టి మనిషి విలువ తగ్గించడం తప్పు అనే మాటను ఆర్థికశాస్త్రం నడిబజార్లో నిలబెట్టాడు. ఆ మాట విలువ మనకన్నా ఎక్కువ ఎవరికి తెలుసు? దాన్ని ఆయన ఎందాకా తీసుకుపోయాడు, ఎక్కడ ఆపేశాడు అన్నదే మేం చెప్పదలచుకున్నది.

ఒక ఊరి లెక్క

ఉత్తరప్రదేశ్‌లో మొరాదాబాద్ జిల్లాలో, చందౌసీ పట్టణానికి దగ్గర్లో, పాలన్‌పూర్ అనే ఊరుంది. గుజరాత్‌లో ఇదే పేరుతో ఒక పట్టణం ఉంది, అది వేరు. ఢిల్లీ విశ్వవిద్యాలయం వాళ్ళు 1957-58లో ఒకసారి, 1962-63లో ఒకసారి ఈ ఊరిని సర్వే చేశారు. 1974-75లో స్టెర్న్, ఆయన తోటి ఆర్థికవేత్త క్రిస్టొఫర్ బ్లిస్ అక్కడికి వెళ్ళారు. అంతకుముందు స్టెర్న్ ఆఫ్రికాలోని కెన్యాలో చిన్నరైతుల తేయాకు సాగు మీద పనిచేశాడు. పాలన్‌పూర్‌లో ఎవరికి ఎంత భూమి ఉంది, ఎవరి పొలం ఎవరు పాలుకు చేస్తున్నారు, గోధుమకు ఎన్ని తడులు పెడుతున్నారు, ఎరువెంత, కూలెంత, అప్పెంత అని రాసుకున్నారు. 1982లో దాని మీద పుస్తకం తెచ్చారు. 1983-84లో మళ్ళీ సర్వే జరిగింది. జీన్ డ్రెజ్ అనే ఆర్థికవేత్త అప్పుడు ఆ ఊళ్ళోనే ఉండి ఆ పని చేశాడు. 1993లో, 2008-10లో, 2015లో మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. 1998లో ఒక పుస్తకం, 2018లో ఇంకో పుస్తకం వచ్చాయి. ఒకే ఊరిని పట్టుకుని దాదాపు అరవయ్యేళ్ళ పాటు ఇల్లిల్లూ తిరిగి రాసిన లెక్కలు ప్రపంచంలోనే తక్కువ.

ఆ లెక్కల్లో మనం పట్టుకోవాల్సింది కులం గడి. ఠాకూర్లు, మురావులు, గడారియాలు, ధీమర్లు, తేలీలు, పాసీలు, జాటవులు - ఎవరిల్లు ఏ కులం కిందికొస్తుందో విడివిడిగా రాశారు. జాటవులంటే తోలు పనితో ముడిపెట్టి అంటరానివాళ్ళను చేసిన కులం, మన మాదిగల్లాంటివాళ్ళు. ఊరి సగటు చూస్తే పాలన్‌పూర్ బాగుపడింది. గోధుమ దిగుబడి పెరిగింది, పంపుసెట్లొచ్చాయి, కొత్త విత్తనాలొచ్చాయి. కులం గడి చూస్తే ఆ బాగు ఏ వీధి దాకా వచ్చి ఆగిందో తెలుస్తుంది. భూమీ పలుకుబడీ ఠాకూర్ల దగ్గర, మురావుల దగ్గర ఉన్నాయి. పేదరికం లెక్క తీసినప్పుడు జాటవులు అడుగున తేలారు. 2018 పుస్తకం ఇంకో సంగతి చెప్పింది. వ్యవసాయం బయట దొరికిన పనుల వల్ల జాటవుల్లో కొందరి బతుకు కాస్త మెరుగైంది, అదే కాలంలో ఊళ్ళో అసమానత కూడా పెరిగింది.

సగటు అనేది ఎంత మోసకారి మాటో ఇక్కడ తెలుస్తుంది. దొర మేడనీ కూలివాడి గుడిసెనూ కలిపి సగటు తీస్తే ఇద్దరికీ పెంకుటిల్లు ఉన్నట్టే లెక్క. వాన పడితే తడిసేది మాత్రం గుడిసే. పాలన్‌పూర్ పని గొప్పతనం సగటు దగ్గర ఆగకపోవడం.

ఆ ఊళ్ళో పనిచేసినవాళ్ళు తలో దారి పట్టారు. జీన్ డ్రెజ్ ఈ దేశ పౌరసత్వం తీసుకుని ఇక్కడే ఉండిపోయాడు, 2005లో వచ్చిన గ్రామీణ ఉపాధి హామీ చట్టం రూపుకట్టడంలో చెయ్యి వేశాడు. స్టెర్న్ పెద్ద కుర్చీల వైపు నడిచాడు.

కుర్చీలూ వాటి నీడలూ

1994 నుంచి 1999 దాకా స్టెర్న్ ఐరోపా పునర్నిర్మాణ, అభివృద్ధి బ్యాంకులో ప్రధాన ఆర్థికవేత్త. సోవియట్ యూనియన్ కూలిపోయాక ఆ దేశాలను మార్కెట్ దారికి మళ్ళించడం ఆ బ్యాంకు పని. 2000లో ప్రపంచ బ్యాంకుకు ప్రధాన ఆర్థికవేత్త అయ్యాడు, 2003 దాకా ఉన్నాడు.

ప్రపంచ బ్యాంకు పేరెత్తితే మనవాళ్ళకు గుర్తొచ్చేది వేరు. ఆ బ్యాంకు అప్పుతో సాగిన విద్యుత్ సంస్కరణల కాలంలో కరెంటు చార్జీలు పెంచితే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జనం రోడ్డెక్కారు. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురి ప్రాణాలు పోయాయి. ఆ కాల్పులకు స్టెర్న్ బాధ్యుడని మేం అనడం లేదు. తుపాకీ పట్టింది ఇక్కడి పోలీసులు, పట్టించింది ఇక్కడి పాలకులు. కానీ వాషింగ్టన్‌లో ఒక కాగితం మీద "ధర సరిచెయ్యాలి" అని రాసుకున్న మాట హైదరాబాదు చేరేసరికి ఏ రూపం తీసుకుంటుందో మర్చిపోకూడదు. ఈ సంగతి ముందు ముందు పనికొస్తుంది, ఎందుకంటే వాతావరణం విషయంలోనూ ఆర్థికవేత్తలు ముందుగా చెప్పే మందు "ధర సరిచెయ్యాలి" అన్నదే.

2003లో స్టెర్న్ బ్రిటన్ ఖజానా శాఖకు వచ్చాడు. ప్రభుత్వ ఆర్థిక సేవలన్నిటికీ అధిపతి అయ్యాడు. 2004లో ప్రధాని టోనీ బ్లెయిర్ వేసిన ఆఫ్రికా కమిషన్ పనిని నడిపించాడు. 2005లో వచ్చిన ఆ నివేదిక పేద దేశాల అప్పులు రద్దు చెయ్యాలనీ, ఆఫ్రికాకు సాయం రెట్టింపు చెయ్యాలనీ అడిగింది. అదే ఏడాది ఆర్థికమంత్రి గోర్డన్ బ్రౌన్ ఇంకో పని అప్పగించాడు: భూమి వేడెక్కితే ఎంత నష్టం, ఆపడానికి ఎంత ఖర్చు, లెక్క తేల్చమని.

ఏడు వందల పేజీల నివేదిక

2006 అక్టోబరు 30న స్టెర్న్ నివేదిక బయటికొచ్చింది. సుమారు ఏడు వందల పేజీలు. దాని సారం రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఏమీ చెయ్యకుండా కూర్చుంటే ప్రపంచ ఆదాయంలో ఏటా కనీసం 5 శాతం పోయినంత నష్టం, అన్ని ప్రమాదాలూ కలిపి చూస్తే 20 శాతం దాకా. ఇప్పుడే పూనుకుని పొగ తగ్గిస్తే అయ్యే ఖర్చు ఏటా 1 శాతం చిల్లర. 2008లో ఆ ఖర్చును 2 శాతానికి సవరించాడు. అయినా ఖర్చు కన్నా నష్టమే ఎక్కువ. ప్రపంచం ఇంతవరకు చూసిన మార్కెట్ వైఫల్యాల్లో ఇదే పెద్దదని నివేదిక తేల్చింది. ప్రపంచ బ్యాంకులో పనిచేసిన మనిషి, ఖజానా శాఖ గదిలో కూర్చుని, మార్కెట్ ఫెయిలైందని రాశాడు. అందుకే అంత సంచలనం అయింది.

ఈ 5కీ 20కీ మధ్య ఏముందో చూడాలి. మన విషయం అంతా అక్కడే ఉంది.

మొదట మార్కెట్లో ధర కట్టగలిగిన నష్టం మాత్రమే చూస్తే 5 శాతం. మనుషుల ఆరోగ్యానికీ, ప్రకృతికీ నేరుగా జరిగే హాని కూడా కలిపితే 11 శాతం. వాతావరణం మనం అనుకున్నదానికన్నా గట్టిగా తిరగబడొచ్చు అనే భయాన్ని కూడా కలిపితే 14 శాతం. ఆ తర్వాత స్టెర్న్ ఒక ప్రశ్న వేశాడు. ఈ నష్టంలో ఎక్కువ వాటా పేద దేశాల మీద పడుతోంది గదా, పేదవాడి రూపాయికీ ధనికుడి రూపాయికీ ఒకే బరువు ఎలా ఇస్తాం? పేదల నష్టానికి తగిన బరువు ఇస్తే లెక్క 20 శాతం దగ్గరికి పోతుంది.

చూశారా? పేదవాడిని త్రాసులో సరిగ్గా తూచగానే ముల్లు 14 నుంచి 20కి జరిగింది. ఏ సైన్సూ మారలేదు, ఏ తుపానూ పెరగలేదు. తూచే పద్ధతి మారిందంతే. మన నష్టం చిన్నదిగా కనబడేది మన దగ్గర పోవడానికి ఏమీ లేక కాదు, మన దగ్గరున్నదానికి మార్కెట్లో రేటు లేక. ముంజేతికి ఉన్న వెండి మురుగు, ఒక పాడిగేదె, రెండు బస్తాల బియ్యం, తాటాకు గుడిసె - వరదలో కొట్టుకుపోతే ఏ దేశ ఆదాయంలోనూ సున్నా తర్వాత చుక్క కూడా కదలదు. ఆ ఇంటికి మాత్రం అది సర్వనాశనం.

పుట్టిన తేదీని బట్టి వివక్ష

నివేదిక మీద పెద్ద గొడవ జరిగింది వడ్డీ లెక్క దగ్గర. ఇది కాస్త ఓపికగా వినాలి.

భూమి వేడెక్కితే పెద్ద నష్టం మనకన్నా మన మనవలకు, వాళ్ళ పిల్లలకు వస్తుంది. వందేళ్ళ తర్వాత వచ్చే 100 రూపాయల నష్టం ఇవాళ్టి లెక్కలో ఎంత? ఆర్థికవేత్తలు దీన్ని వడ్డీని తిరగేసి లెక్కిస్తారు. ఏడాదికి 5 శాతం చొప్పున తగ్గించుకుంటూ వస్తే వందేళ్ళ తర్వాతి 100 రూపాయలు ఇవాళ 76 పైసలు. అదే 1.4 శాతం చొప్పున తగ్గిస్తే 25 రూపాయలు. మొదటి లెక్క ప్రకారం మనవడి కోసం ఇవాళ రూపాయి కూడా ఖర్చు పెట్టనక్కర్లేదు. రెండో లెక్క ప్రకారం పెట్టి తీరాలి. స్టెర్న్ సుమారుగా రెండో లెక్క పట్టుకున్నాడు. అమెరికా ఆర్థికవేత్త విలియం నార్డ్‌హౌస్ లాంటివాళ్ళు, అది మార్కెట్లో నడిచే రేటు కాదు గదా, ఇంత తక్కువ ఎలా తీసుకుంటావని తగులుకున్నారు. నిదానంగా, మెల్లమెల్లగా పొగ తగ్గించుకోవచ్చని నార్డ్‌హౌస్ వాదన. 2018లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

స్టెర్న్ జవాబు ఇది. రాబోయే తరం ముందుముందు మనకన్నా ధనవంతులైతే వాళ్ళ నష్టాన్ని కాస్త తక్కువ లెక్కించడం వేరు. వాళ్ళు తర్వాత పుట్టారు కాబట్టి తక్కువ అనడం వేరు. రెండోది పుట్టిన తేదీని బట్టి వివక్ష. దానికి నీతి ఏదీ ఒప్పుకోదు. మానవజాతే మిగలకపోవచ్చు అనే చిన్న అనుమానానికి మాత్రం ఏడాదికి 0.1 శాతం తగ్గించాడు. అంతకుమించి, ఫలానా ఏడాది పుట్టాడని మనిషి ధర తగ్గించడానికి ఒప్పుకోలేదు.

ఈ మాట దగ్గర మనం ఆగాలి. పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టకూడదు! ఇంగ్లండు ఖజానా శాఖలో కూర్చున్న ఆర్థికవేత్త అంకెలతో చెప్పిన ఈ మాటను మన తాతలు, తండ్రులు, అంబేద్కర్ బాబా తరతరాలుగా ఈ దేశానికి చెబుతూనే ఉన్నారు. ఇంకా పుట్టని పిల్లవాడికి కూడా సమాన బరువు ఇవ్వాలంటే వినడానికి ప్రపంచం సిద్ధపడింది. మంచిదే. మరి పుట్టి, మన కళ్ళముందు పల్లపు వాడలో మోకాటి లోతు నీళ్ళల్లో నిలబడ్డ పిల్లవాడి బరువెంత? పుట్టిన తేదీ సరే, పుట్టిన వాడ సంగతేంటి?

త్రాసు ఎక్కడ ఆగింది?

ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చిన ఆర్థికవేత్త ఇంకొకాయన ఉన్నాడు. ఢాకాలో పుట్టి కేంబ్రిడ్జిలో ప్రొఫెసరైన పార్థ దాస్‌గుప్తా. ఆయన విమర్శ ఏమిటంటే, తరాల మధ్య సమానత్వం గురించి ఇంత పట్టుదల చూపిన స్టెర్న్, ధనిక పేదల మధ్య సమానత్వం గురించి అంత పట్టుదల చూపలేదని. నివేదిక ప్రధాన లెక్కలో తీసుకున్న సూత్రం ప్రకారం ఎవరి ఆదాయంలోనైనా నూటికి ఒక వంతు పోవడం ఒకటే బాధ. నెలకు 3 లక్షలు వచ్చేవాడికి 3 వేలు పోవడం, నెలకు 9 వేలు వచ్చే కూలీకి 90 పోవడం సమానం. నిజంగా సమానమా? మూడు లక్షలవాడు ఒక పూట హోటలుకు పోవడం మానుకుంటాడు. కూలీ ఇంట్లో ఆ 90 రూపాయలు రెండు రోజుల కూరగాయలు, లేదా పిల్లకు జ్వరం మాత్రలు. దాస్‌గుప్తా అన్నది, పేదవాడి నష్టానికి ఇంకా చాలా ఎక్కువ బరువు ఇవ్వాలని. స్టెర్న్ బృందం తర్వాత వేరే బరువులతో కూడా లెక్క కట్టి చూపింది. విమర్శ మాత్రం నిలబడే ఉంది.

మా విమర్శ ఇంకో మెట్టు కిందికి దిగుతుంది. స్టెర్న్ త్రాసు దేశాల మధ్య, ప్రాంతాల మధ్య తూచింది. పేద దేశం, ధనిక దేశం దాకా వచ్చి ఆగింది. పాలన్‌పూర్‌లో ఇల్లిల్లూ రాసిన కులం గడి, ప్రపంచం లెక్క దగ్గరికి వచ్చేసరికి కనబడకుండా పోయింది. కోట్లమంది లెక్కలో అంత చిన్న గడి ఎలా పడుతుంది అని ఎవరైనా అనొచ్చు. ఆ గడి చిన్నదేం కాదు. ఈ దేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారం షెడ్యూల్డు కులాలవాళ్ళే 20 కోట్ల మంది. ఇంగ్లండు జనాభాకు మూడు రెట్ల కన్నా ఎక్కువ.

స్టెర్న్ నిజాయితీని మేం శంకించడం లేదు. తన నివేదిక ప్రమాదాన్ని తక్కువ చేసి చూపిందని 2013లో దావోస్‌లో తనే ఒప్పుకున్నాడు. ఉద్యోగం వదిలాక కూడా ఈ పని వదల్లేదు. 2007లో ప్రభువుల సభ సభ్యుడయ్యాడు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో వాతావరణ మార్పు మీద ఏర్పడిన గ్రాంథమ్ సంస్థకు 2008 నుంచి ఛైర్మన్‌గా పనిచేశాడు. అక్కడ ఆయన కూర్చున్న ఆచార్య పీఠానికి మన రిజర్వు బ్యాంకు గవర్నరుగా చేసిన ఐ.జి. పటేల్ పేరుంది. ఎనభయ్యో పడికి దగ్గరవుతూ కూడా దేశదేశాల సభల్లో పేద దేశాలకు డబ్బివ్వాలని చెబుతూ వచ్చాడు. మంచి మనిషి మంచి లెక్క రాసినా మన గడి మనం రాయించుకోకపోతే అది ఖాళీగానే ఉంటుందన్నదే మేం చెప్పేది.

డబ్బు ఎక్కడిదాకా వస్తుంది?

2009లో కోపెన్‌హేగన్ సభలో ధనిక దేశాలు ఒక మాటిచ్చాయి. 2020 నాటికి ఏటా 10 వేల కోట్ల డాలర్లు పేద దేశాలకు సమకూరుస్తామని. ఆ అంకె అందుకున్నది 2022లో, రెండేళ్ళు ఆలస్యంగా. అందులోనూ ప్రభుత్వాల ద్వారా వచ్చినదాంట్లో ఎక్కువ భాగం అప్పులే. ఇల్లు తగలబెట్టినవాడు ఆర్పుకోవడానికి వడ్డీకి డబ్బిచ్చినట్టుంది.

2022లో స్టెర్న్, ఆఫ్రికా ఆర్థికవేత్త వెరా సోంగ్వే నాయకత్వంలో ఒక నిపుణుల బృందం లెక్క తీసింది. చైనా కాకుండా మిగతా అభివృద్ధి చెందుతున్న దేశాలకు 2030 నాటికి ఏటా లక్ష కోట్ల డాలర్లు బయటి నుంచి రావాలని తేల్చింది. 2024లో బాకూ సభలో ధనిక దేశాలు ముందుండి సమకూరుస్తామన్నది 2035 నాటికి ఏటా 30 వేల కోట్ల డాలర్లు. ఇది చాలా తక్కువని మన దేశ ప్రతినిధి ఆ సభలోనే గట్టిగా అడ్డుచెప్పింది. సరిగ్గానే చెప్పింది. అమెరికాలో మనిషికి ఏడాదికి 14 టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ పడుతుంటే మన దేశంలో 2 టన్నుల దరిదాపుల్లో ఉంది.

కానీ ఆ 2 టన్నులు ఎవరివి? మళ్ళీ సగటే! ఏసీ గదివాడిదీ, కట్టెల పొయ్యి ఊదే మా అక్కదీ కలిపిన సగటు. ప్రపంచ సభల్లో మన పాలకులు మన పేదరికం చూపించి వాటా అడుగుతారు. ఇంటికొచ్చాక ఆ పేదల పేరున ఎంత ఖర్చైందో గడి గీసి చూపించరు. పేదల్ని చూపించి అడిగిన డబ్బు పేదల దగ్గరికే రావాలని అడగడం న్యాయం కాదా?

ధర సంగతి కూడా ఇంతే. 2017లో స్టెర్న్, జోసెఫ్ స్టిగ్లిట్జ్ నాయకత్వంలోని సంఘం టన్ను కార్బన్‌కు 2020 నాటికి 40 నుంచి 80 డాలర్లు, 2030 నాటికి 50 నుంచి 100 డాలర్లు ధర ఉండాలని చెప్పింది. వసూలైన సొమ్మును ఇళ్ళకు తిరిగి పంచొచ్చనీ, పేదలకు ఆసరా ఇవ్వొచ్చనీ వాళ్ళూ రాశారు. రాసింది బాగుంది. ధర పెంచే జీవో ఒక్క రోజులో వస్తుంది, తిరిగి పంచే జీవో ఎన్నేళ్ళకొస్తుంది? బషీర్‌బాగ్ చూసినవాళ్ళం గనుక అడుగుతున్నాం. ముందు పంచే ఏర్పాటు, తర్వాతే పెంచే ఏర్పాటు అన్నది మన షరతు కావాలి.

మన దగ్గర త్రాసు ఎలా ఉంది?

ఇక మన సీమకు వద్దాం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. పదివేల మంది దాకా పోయారని లెక్క. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి వెయ్యి మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. ఏసీ గదిలో ఎవరూ వడదెబ్బకు పోరు. పోయేది చేలో, రోడ్డు పనిలో, ఇటుక బట్టీలో, మిట్టమధ్యాహ్నం తలమీద తట్టతో ఉన్నవాళ్ళు. వాళ్ళది ఏ కులం, ఏ పని, భూమి ఉందా లేదా అని గడి గీసి ఎంతమంది రాశారు?

2022లో కేంద్రం ఖరారు చేసిన విపత్తు సాయం రేట్లు చూడండి. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే లక్షా 20 వేలు. గుడిసె పోతే 8 వేలు. ఇల్లున్నవాడి ఇల్లు ఇల్లే, గుడిసెవాడి ఇల్లు ఇల్లు కాదు! పదిహేనింతలు తేడా. స్టెర్న్ త్రాసు పేదవాడి వైపు బరువు పెంచమంది. మన సర్కారు త్రాసు పేదవాడి వైపు బరువు తీసేస్తోంది. పోయిన వస్తువు ధర చూస్తే ఇది సబబుగా కనబడొచ్చు. మళ్ళీ నిలబడడానికి ఎంత కావాలో చూస్తే ఇది అన్యాయం.

పంట నష్టం సంగతీ అంతే. సాయం పట్టా వెంట నడుస్తుంది. కౌలుదారులకు గుర్తింపు ఇవ్వాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒక చట్టం, విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మరో చట్టం వచ్చాయి. అయినా భూస్వామి సంతకం దగ్గరో, ఆయన ముఖం చాటు దగ్గరో కౌలుదారు ఆగిపోతూనే ఉన్నాడు. ఇక కౌలు కూడా లేని కూలీ? వాన ఎక్కువై నాట్లు పోతే, వాన లేక కోతలు పోతే, హెక్టారుకు ఇంత అని పంటకు కట్టినట్టు, పోయిన పనిదినానికి ఇంత అని ఊరూరా లెక్క కట్టడం మేమైతే చూడలేదు. చేను ఎండితే రైతు పేరు రాస్తారు. అదే చేను మీద బతికే పదిమంది ఆడకూలీల పేర్లు రాసే పుస్తకం లేదు.

మన పుస్తకం మనం రాద్దాం

అందుకే సంఘాల ముందు ఒక పని పెడుతున్నాం. పాలన్‌పూర్‌లో లెక్కలు రాసినవాళ్ళు చేసిన పనికి పెద్ద మంత్రమేం లేదు. ఒక రిజిస్టరు, ఒక పెన్ను, ఇల్లిల్లూ తిరిగే ఓపిక, మళ్ళీ కొన్నేళ్ళకు వచ్చి చూసే పట్టుదల. పదో తరగతి చదివిన మన పిల్లలు చెయ్యగలిగిన పని ఇది. ప్రతి వాడలో ఒక రిజిస్టరు పెట్టండి. ఇంటిపేరు, కులం, ఇంటి కప్పు ఏమిటి, ఇల్లు పల్లంలో ఉందా మెరకలో ఉందా, తాగునీళ్ళు ఎంతదూరం, సొంత భూమి ఎంత, కౌలు ఎంత రాయండి. ఎండల్లో ఎన్ని పనిదినాలు పోయాయి, వానల్లో ఎన్ని పోయాయి, ఏ తుపానుకు ఏం పోయింది, ఏం సాయం అందింది, ఎవరి చేతిమీదుగా అందింది రాయండి. ఆడవాళ్ళ పేర్లు విడిగా రాయండి, మొగుడి పేరు కింద కలిపెయ్యొద్దు. నిజం కన్నా ఒక్క రూపాయి ఎక్కువ రాయొద్దు. ఒక్క అబద్ధం దొరికితే మొత్తం పుస్తకాన్ని చించేస్తారు.

ఆ పుస్తకం చేతిలో పెట్టుకుని గ్రామసభలో, తహశీల్దారు ఆఫీసులో నాలుగు మాటలు అడుగుదాం. ఒకటి, విపత్తు నష్టం రాసే ప్రతి రిజిస్టర్లోనూ కులం గడి ఉండాలి. రెండు, గుడిసె కూడా ఇల్లే, దానికీ ఇల్లు కట్టుకునేంత సాయం ఇవ్వాలి. మూడు, పంటతో పాటు పోయిన పనిదినానికీ పరిహారం కట్టాలి, అది కూలీ పేరునే రావాలి. నాలుగు, వాతావరణం పేరు మీద వచ్చే ప్రతి రూపాయిలో దళిత వాడల మీద ఎంత ఖర్చైందో ఏటా గ్రామసభలో చదివి వినిపించాలి.

నికొలస్ స్టెర్న్ అంకెలతో ఒక పని నిరూపించాడు. త్రాసులో పేదవాడికి సరైన బరువిస్తే ప్రపంచం లెక్కే మారిపోతుందని. దేశాల మధ్య మారింది. ఊరికీ వాడకీ మధ్య ఇంకా మారలేదు. అది మార్చే పని లండన్‌లో ఎవరూ చెయ్యరు, ఢిల్లీలో ఎవరూ చెయ్యరు. వచ్చే ఎండాకాలం లోపల రిజిస్టర్లు మొదలుపెట్టండి.